ఏడు సై యంగ్‌లున్నా తలుపు తీయరా?

మొన్న రాత్రి అలిపిరి దగ్గర టీ కొట్టు ముందు మా బావకీ నాకూ పెద్ద గొడవ, అదీ అమెరికా బేస్‌బాల్ పిచ్చర్ రోజర్ క్లెమెన్స్ గురించి, ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (ఆ ఆటలో గొప్పవాళ్ల గౌరవ మందిరంలోకి) తీసుకోవాలా వద్దా అని. బావ బోస్టన్ నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడు, గుండు మీద గంధం ఇంకా ఆరనే లేదు. "354 గెలుపులు, 4,672 స్ట్రైకౌట్లు, 7 సై యంగ్ అవార్డులు, ఇంకేం కావాలబ్బా?" అంటాడు. (పిచ్చర్ అంటే మన బౌలరే అనుకోండి, కాకపోతే బంతి నేల తాకకుండా నేరుగా రావాలి. స్ట్రైకౌట్ అంటే మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చేయడం, సై యంగ్ అంటే ఏటా ఉత్తమ పిచ్చర్‌కిచ్చే అవార్డు.) 1986లో ఒక్క మ్యాచ్‌లో 20 స్ట్రైకౌట్లు తీసి, మళ్లీ పదేళ్లకి, 1996లో, అదే పని చేశాడు, మామూలు మనిషి కాదు.

కానీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి విలేకరుల ఓట్లు 75 శాతం రావాలి. పదో, ఆఖరి అవకాశం 2022లో, వచ్చింది 65.2. బేస్‌బాల్‌లో మందుల వాడకంపై 2007లో వచ్చిన మిచెల్ నివేదికలోని స్టెరాయిడ్ల (బలం పెంచే మందుల) ఆరోపణే అడ్డం. క్లెమెన్స్ కాదన్నాడు, అబద్ధమాడాడన్న కేసులో 2012లో జ్యూరీ నిర్దోషి అంది. అందుకే బావ వాదన.

నాకు మాత్రం ఆ చివరి ఏళ్ల అంకెలు చూస్తే అనుమానమే. అయితే ఒకటి మింగుడు పడదు: ఆ స్టెరాయిడ్ల కాలంలో బేస్‌బాల్ కమిషనర్‌గా, అంటే లీగ్‌కి పెద్దగా, ఉన్న బడ్ సీలిగ్‌ని 2017లో లోపలికి తీసుకున్నారు! ఈ మాట అనగానే బావ సంబరంగా టీ డబ్బులు తనే ఇచ్చేశాడు. క్లెమెన్స్‌కి మాత్రం నా ఓటు ఇంకా "వద్దు" అనే.