హ్యాండ్‌బ్రేక్ దించే ఉంది

పోయిన డిసెంబర్లో మా బావమరిది పనుండి మా బండి పట్టుకెళ్లాడు. గంటలో తిరిగొచ్చి తాళాలు నా చేతిలో పెడుతూ, "హ్యాండ్‌బ్రేక్ దించానో లేదో అని రెండుసార్లు చూసుకున్నాను బావా, దించే ఉంది" అన్నాడు. నాకు కొంచెం కోపమొచ్చింది. పన్నెండేళ్ల డీజిల్ బండి, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది, ఆమాత్రం నీరసం ఉండదా?

సంక్రాంతి అయ్యాక అమ్మని అరకు తీసుకెళ్తుంటే విషయం తేలింది. విజయనగరం నుంచి ఎస్.కోట దాకా బాగానే ఉంది. అనంతగిరి ఘాట్ ఎక్కాక సెకండ్ గేర్‌లో 30 దాటడం లేదు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ ఆపడం లేదు. అద్దంలో చూస్తే మా వెనకాల నల్లటి పొగ. మా ఆవిడ ఏమీ అనకుండా ఏసీ కట్టేసింది. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "దిగి నడవమంటావేట్రా?"

మర్నాడు మెకానిక్ బండిని నిలబెట్టే నాలుగుసార్లు రేజ్ చేసి, "టర్బో పోయింది మాస్టారూ, 38 వేలవుద్ది" అన్నాడు. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పంకా. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కొలవకుండా జవాబు రాసే పిల్లలకి మార్కులు వెయ్యను. బండి ఇంటికి తెచ్చేశాను.

తెచ్చి నేను చేసిన మొదటి పని కూడా కొలవకుండానే చేశాను. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ రెండూ మార్పించాను. 1,900 అయింది, తేడా సున్నా.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. క్లచ్ జారుతుంటే ఇంజిన్ అరుస్తుంది, స్పీడ్ మాత్రం పెరగదు. నాలుగో గేర్‌లో మెల్లగా వెళ్తూ ఒక్కసారి తొక్కి చూశాను. ఆర్‌పీఎం ముల్లు ఎగరలేదు, రెండూ కలిసే బద్ధకంగా పెరిగాయి. క్లచ్ కాదు. బ్రేకులు పట్టేస్తున్నాయా? పది కిలోమీటర్లు తిప్పి, బ్రేక్ పెద్దగా వాడకుండా ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. ఏదీ కాలడం లేదు. అదీ కాదు. ఇక మిగిలింది గాలి, డీజిల్. నల్లపొగ అంటే డీజిల్ అందుతోంది, దానికి సరిపడా గాలి లేదన్నమాట.

బండి కంప్యూటర్ గుర్తించిన లోపాలని కోడ్‌లుగా చూపించే ఓబీడీ స్కానర్ ఆన్‌లైన్లో తెప్పించాను. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, స్టీరింగ్ కింద గుచ్చితే బ్లూటూత్‌లో ఫోన్‌కి కలుస్తుంది. కోడ్ పీ0299 చూపించింది. టర్బో ఇవ్వాల్సినంత ఒత్తిడి రావడం లేదని దాని అర్థం. చాలామంది ఇక్కడే ఆగిపోయి టర్బో మార్పించేస్తారు. కోడ్ చెప్పింది ఒత్తిడి తక్కువని మాత్రమే, ఎందుకో చెప్పలేదు.

అదే స్కానర్ యాప్‌లో మానిఫోల్డ్ ప్రెషర్, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, అని ఒక అంకె ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం తిప్పితే 100 కిలోపాస్కల్, అంటే బయటి గాలి ఒత్తిడే. సెన్సర్ సరిగ్గానే ఉందని అలా తెలిసింది. డీజిల్ కాబట్టి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేసినా ఇంచుమించు అంతే. పెట్రోలు బండైతే అప్పుడు గాలి దారిలోని థ్రాటిల్ రెక్క మూసుకుని ఉండి 30, 40 మధ్య చూపిస్తుంది. బావమరిదిని పక్కన కూర్చోబెట్టి ఫోన్ ఇచ్చి, బైపాస్ మీద థర్డ్ గేర్‌లో పూర్తిగా తొక్కాను. ఇలాంటి ఇంజిన్‌కి 200 చుట్టుపక్కల రావాలి. "నూటిరవై... నూటిరవై అయిదు... అంతే బావా."

అంటే టర్బో గాలి తొయ్యకపోయి ఉండాలి, లేదా తోసిన గాలి దారిలో పోతూ ఉండాలి. ఈ రెంటికీ మధ్య తేడా 38 వేలు.

ముందు టర్బో. ఫిల్టర్ నుంచి వచ్చే గొట్టం ఊడదీసి లోపలి చక్రాన్ని వేలితో కదిపాను. పక్కలకి కొంచెం ఆడింది, అది మామూలే. ముందుకీ వెనక్కీ ఆడలేదు, రెక్కలు గోడకి రాసుకున్న గుర్తులు లేవు. ఇక లీకు. ఇంజిన్ ఆన్ చేసి గొట్టాల మీద సర్ఫు నీళ్లు చల్లితే ఏమీ తెలియలేదు. లోడ్ లేనప్పుడు ఒత్తిడే ఉండదు, బుడగలెక్కడివి?

పీవీసీ పైపు మూత ఒకటి కొని, చిల్లు పెట్టి ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ బిగించాను. దాన్ని టర్బో నోటికి క్లిప్పుతో కట్టి, ఇంజిన్ లోపలి ఆవిరి బయటికొచ్చే బ్రీదర్ పైపు విడిగా మూసి, మా వీధి చివర పంక్చర్ షాపులో బండి పెట్టాను. "పదిహేను పాయింట్లు దాటొద్దు, మెల్లగా" అన్నాను. కుర్రాడు నన్ను వింతగా చూశాడు, టైరు లేని చోట గాలి కొట్టమన్న గిరాకీ మొదటిసారి తగిలినట్టుంది. పన్నెండు దగ్గర కింద నుంచి బుస్సుమంది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం అడుగున వేలెడు పొడుగు చీలిక. ఒత్తిడి ఉంటే తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకుపోతుంది. చుట్టూ నూనె తడి, దాని మీద మట్టి. పై నుంచి చూసినవాళ్లెవరికీ కనబడదు.

ఆత్రం కొద్దీ ముందు టేపు చుట్టాను. బైపాస్ ఎక్కేలోపే ఊడిపోయింది. కొత్త గొట్టం 1,650, బిగింపు 300. కోడ్ చెరిపి మళ్లీ థర్డ్ గేర్‌లో తొక్కితే బావమరిది "రెండొందల పది!" అని అరిచాడు. నాకు ఆ అంకె కన్నా సీటు వీపుకి అతుక్కోవడమే బాగా గుర్తుంది.

ఫిబ్రవరిలో మళ్లీ అరకు వెళ్లాం. అదే ఘాట్, సెకండ్‌లో ఆడుతూ పాడుతూ ఎక్కింది. పైన ఆగి, మళ్లీ తాళం తిప్పి చూస్తే ఫోన్లో 91. బావమరిది మొహం మాడిపోయింది. "మళ్లీ లీకా?" లేదురా, 900 మీటర్ల ఎత్తుకొచ్చాం, బయటి గాలే పల్చబడింది, వంద మీటర్లకి సుమారు ఒక కిలోపాస్కల్ చొప్పున అని మొదలెట్టాను. మా ఆవిడ మధ్యలోనే నా చేతిలో ఫోన్ లాక్కుంది. బొంగు చికెన్ చల్లారిపోతోందట.