పెంకులో పెంకు

పాతకాలపు కుండ పెంకుల్ని పల్చగా అరగదీసి మైక్రోస్కోప్ కింద చూడటం నేర్పుతాను నేను. ఈరోజు ప్రాక్టికల్ 3 గంటలు అనుకున్నది 5 గంటలు పట్టింది. 12 మంది పిల్లలు, 6 మైక్రోస్కోపులు, అందులో ఒకదానికి స్టేజీ (స్లైడ్ పెట్టి తిప్పే గుండ్రటి పళ్ళెం) సెంటర్ తప్పింది, రేణువుని సరిగ్గా మధ్యలో పెట్టి తిప్పినా సరే అది గిర్రున సున్నా చుట్టేసి పక్కకి పోతుంది. దాని ముందు కూర్చున్న ఇద్దరికీ సగం టైమ్ ఆ రేణువు వెనకాల పరిగెత్తడానికే సరిపోయింది. సరిచేయాలి సరిచేయాలి అనుకుంటూనే సగం సెమిస్టర్ గడిపేశాను, తప్పు నాదే.

పొద్దున గ్రైండింగ్‌తో మొదలుపెట్టాం. కుండ పెంకు ముక్కకి ఎపాక్సీ జిగురు పట్టించి, గాజు పలక మీద అతికించి, కార్బోరండమ్ అనే గరుకు పొడితో అరగదీసి అరగదీసి 30 మైక్రాన్లకి తేవాలి. తలవెంట్రుక కన్నా సన్నం అన్నమాట. మధ్యమధ్యలో మందం చూసుకోవడానికి మట్టిలో ఉండే క్వార్ట్జ్ ఖనిజపు రేణువులే మన స్కేలు. క్రాస్డ్ పోలార్స్‌లో, అంటే ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరైజింగ్ ఫిల్టర్ల మధ్య, క్వార్ట్జ్ పసుపు కొడుతోందంటే ఇంకా మందంగా ఉన్నట్టు, బూడిద రంగు, పాలిపోయిన తెలుపు వచ్చిందంటే ఇక ఆపేయాలి. ఆ ఆపడం నేర్పడమే కష్టం. చివర్లో మెత్తటి పొడితో చేత్తోనే రుద్దాలి, నాలుగు చుట్లు తిప్పి తీసి చూడండి, మళ్ళీ నాలుగు చుట్లు, మళ్ళీ చూడండి అని గొంతు పోయేలా చెప్తాను. ఒకబ్బాయి చక్కగా బూడిద రంగు దాకా తెచ్చాడు, "ఇంకొక్కసారి రుద్దితే నీట్‌గా వస్తుంది సార్" అన్నాడు, నేను పక్క టేబుల్ దగ్గరికెళ్ళి వెనక్కి వచ్చేసరికి గాజు మీద జిగురు తప్ప ఏమీ లేదు. రెండు రోజుల పని బురదనీళ్ళలో కలిసిపోయింది. తిట్టబుద్ధి కాలేదు, మొదటి ఏడాది నేను పోగొట్టినవి లెక్కేస్తే వాడు చాలా నయం. పెంకులో సగం ఎప్పుడూ దాచి ఉంచమని మొదటి క్లాసులోనే చెప్తాను కాబట్టి బతికిపోయాడు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది.

నా క్లాసులో ఒక రూల్ ఉంది, కనిపించింది రాయండి, పేరు తర్వాత పెట్టండి అని. రంగు, ఆకారం, అంచు పదునుగా ఉందా చుట్టూ మట్టిలో కలిసిపోయిందా, స్టేజీ పూర్తిగా ఒక చుట్టు తిప్పితే ఎన్నిసార్లు నల్లబడుతోంది, ఇవన్నీ రాశాకే క్వార్ట్జ్ అనో కాల్‌సైట్ అనో అనాలి. క్వార్ట్జ్ అయితే చుట్టుకి నాలుగుసార్లు ఆరిపోతుంది, ఎపాక్సీలో గాలి బుడగైతే గుండ్రంగా నల్లటి అంచుతో ఉంటుంది, ఎంత తిప్పినా వెలగదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఆ బుడగకి ఏదో ఖనిజం పేరు పెట్టేస్తారు, అందరం నవ్వుకుంటాం.

ఈరోజు నవ్వాల్సింది నన్ను చూసి. ఒకమ్మాయి పిలిచింది, "సార్ ఇదేంటి" అని. డెమో పెట్టెలోని పాత స్లైడే, ఎన్నేళ్ళుగానో చూపిస్తున్నది. నిలబడే ఒక కన్ను పెట్టి, "క్లే పెల్లెట్ అమ్మా, మట్టి పిసికినప్పుడు సరిగ్గా కలవకుండా మిగిలిపోయిన ఉండ" అని చెప్పేసి కదలబోయాను.

"ఉండైతే దీనికి మూలలెందుకున్నాయి సార్?"

కూర్చున్నాను. నిజమే, మూలలున్నాయి, విరిగిన ముక్కలా. అంచు గీత గీసినట్టుంది, చుట్టూ సన్నటి ఖాళీ, చుట్టూ ఉన్న మట్టి ఆరుతూ ముడుచుకుపోయినప్పుడు ఈ ముక్క ముడుచుకోనట్టు. అయినా నేను వెంటనే ఒప్పుకోలేదు, ఎండిపోయిన మట్టి ఉండలకి కూడా చుట్టూ పగులు రావచ్చు అని వాదించాను (వాదించాను అంటే సీనియారిటీ వాడాను). అప్పుడా అమ్మాయి 10 లెన్స్ మార్చి 20 పెట్టి, ఇంకేం మాట్లాడకుండా జరిగి సీటిచ్చింది. ముక్క లోపల సన్నటి పొడుగాటి ఖాళీలు ఒక వైపుకి వాలి ఉన్నాయి, బయట కుండ మట్టిలోవి ఇంకో వైపుకి. అంటే ఆ ముక్క ఒకప్పుడు వేరే కుండ. పాత కుండని దంచి కొత్త మట్టిలో కలిపిన గ్రాగ్. పోనీ అంతటితో అయిపోయిందా, ఆ గ్రాగ్ ముక్క లోపల ఒక మూలన ఇంకో బుల్లి ముక్క, దానికీ పదునైన అంచే, దాని మట్టి రంగే వేరు.

ఒక కుండ పగిలితే దాన్ని దంచి రెండో కుండలో వేశారు, అదీ పగిలితే దాన్ని దంచి మూడో కుండలో వేశారు, ఆ మూడోదాని పెంకు మా లెన్స్ కింద ఉంది. తాత, తండ్రి, మనవడు ఒకే ఫ్రేములో. 12 మందీ వంతులేసుకుని చూశారు, ఆ సెంటర్ తప్పిన మైక్రోస్కోప్ దగ్గరి జంట కూడా రేణువుని వదిలేసి వచ్చారు.

గ్రాగ్ ఎందుకు కలుపుతారని ఒకరు అడిగారు. ఒకసారి కాలిన మట్టి మళ్ళీ ముడుచుకోదు కాబట్టి కుండ ఆరేటప్పుడు పగుళ్ళు తగ్గుతాయి, పైగా వేడికి చుట్టూ ఉన్న మట్టితో పాటే సాగుతుంది. క్వార్ట్జ్ అలా కాదు, 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది. అంచు, ఆకారం, లోపలి వాలు చూసి మట్టి ఉండనీ గ్రాగ్‌నీ విడదీసే పద్ధతి 1986లోనే ఇయాన్ విట్‌బ్రెడ్ అనే పురావస్తు పరిశోధకుడు రాసిపెట్టాడు, దాన్ని ఏటా బోర్డు మీద రాయించేది నేనే.

ఈ ఊపులోనే పాత కుండల మీద పరిశోధన చేసిన ఆనా షెపర్డ్ కథ కూడా చెప్పాను. అమెరికాలోని న్యూ మెక్సికోలో పెకోస్ దగ్గర దొరికిన కుండలన్నీ అక్కడివాళ్ళు చేసుకున్నవే అనుకునేవాళ్ళు, ఆవిడ 1930ల్లో మైక్రోస్కోప్ కింద పెట్టి, వాటి మట్టిలో కలిపిన రాతి పొడి ఆ చుట్టుపక్కలది కాదని, చాలావాటిని బయటి నుంచి తెచ్చుకున్నారని చూపించింది. మామూలుగా అయితే పిల్లలు ఈ కథ దగ్గర ఫోన్లు చూసుకుంటారు, ఈరోజు చూసుకోలేదు.

మధ్యాహ్నం స్టార్చ్ (పాతకాలం తిండి నుంచి మిగిలిన పిండి రేణువులు) క్లాసు ఏదో అలా నడిచింది. పోలరైజ్డ్ లైట్‌లో శిలువ గుర్తు కనబడితే చాలు పాతకాలం తిండి దొరికిందని గంతులేయకండి, పౌడర్ ఉన్న గ్లవ్స్ వేసుకుంటే మొక్కజొన్న స్టార్చ్ మీ చేతుల నుంచే రాలుతుంది అని చెప్పి ముగించేశాను. మనసంతా పొద్దున స్లైడ్ మీదే ఉంది.

అందరూ వెళ్ళాక డెమో పెట్టె తీశాను. ఆ స్లైడ్ మీద లేబుల్, నా చేతిరాతే, క్లే పెల్లెట్స్ అని, దిట్టంగా, కింద అండర్‌లైన్ కూడా. గోటితో గీకి తీసేసి పెన్సిల్‌తో గ్రాగ్ అని రాశాను, పక్కన ఆ అమ్మాయి పేరు మొదటి అక్షరం. క్లే పెల్లెట్స్ అన్న ఆ పాత పేరుతోనే అదే పెట్టెలో ఇంకో 7 స్లైడ్లున్నాయి. రెండు చూశాను, ఒకటి నిజంగా మట్టి ఉండే, గుండ్రంగా, అంచు కరిగిపోయి ఉంది. రెండోది ఎటూ తేలలేదు, ప్రశ్నార్థకం పెట్టాను. మిగతా 5 రేపు చూడాలి, కళ్ళు లాగేస్తున్నాయి, రేపు ఎలాగూ ఆ స్టేజీ స్క్రూలు కూడా పట్టుకోవాలి.