అమ్మతో ఫిల్మ్ సిటీకి, వండర్‌లాకు

నల్లగొండ జిల్లాలో పిల్లలున్న ఇంట్లో దసరా సెలవులు దగ్గరపడుతున్నాయంటే రామోజీ ఫిల్మ్ సిటీయా, రైడ్ల పార్కు వండర్‌లాయా అన్న వాదన మొదలవుతుంది. మొదటిది విజయవాడ జాతీయ రహదారి మీదే, హైదరాబాద్ చేరకముందే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర తగులుతుంది. రెండవదానికి పెద్ద అంబర్‌పేటలో ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, బొంగుళూరు దాటి, రావిర్యాల దగ్గర దిగాలి. మా ఇంట్లో ఈసారి వాదన ఎటూ తేలలేదు. రెండూ చూసి రావాలని నిర్ణయించాం. వనస్థలిపురంలో తమ్ముడి ఇల్లు ఉండటం కలిసివచ్చింది. నల్లగొండ వాళ్లకు ఆ వైపు ఒక బంధువైనా లేకపోవడం అరుదు.

మాతో అమ్మ కూడా బయలుదేరింది. ఆమె పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు పల్లెలో. చిన్ననాటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఫలితంగా మెడ పూర్తిగా తిరగదు, మోకాళ్లు పూర్తిగా వంగవు, వెనుక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాల్సి వస్తుంది. ఆమె పక్కనుండటం వల్ల నేను ఈ రెండు పార్కులనూ ఎన్ని రైడ్లున్నాయన్న లెక్కతో కాక, ఏ రైడూ ఎక్కని మనిషికి అక్కడ రోజు ఎలా గడుస్తుందన్న లెక్కతో చూశాను.

తెల్లవారుతుండగా నార్కట్‌పల్లి చేరి, శివాలయమున్న చెర్వుగట్టు వైపు తిరిగి అమ్మ చేతులు జోడించిన తరువాత హైవే ఎక్కాం. పంతంగి టోల్ దగ్గర కొంత ఆలస్యమైంది. చౌటుప్పల్‌లో, ఇంటింటికీ తాగునీటి పథకానికి 2015లో పైలాన్ ఆవిష్కరించింది ఇక్కడేనని పిల్లలకు చెప్పాను కానీ వాళ్ల మనసంతా ముందున్న ఫిల్మ్ సిటీ గేటు మీదే ఉంది.

1996లో మొదలైన ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల ఆవరణగా, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ అంకె కాగితం మీద చదివినప్పుడు ఏమీ అనిపించదు. టికెట్లు తీసుకున్నాక బస్సు ఎక్కించి, గుట్టలూ చెట్లూ దాటించి లోపలికి తీసుకుపోతున్నప్పుడు, ఇంకా రాలేదేమని పిల్లలు అడుగుతున్నప్పుడు దాని అర్థం తెలుస్తుంది. ఈ బస్సు ప్రయాణమే మా అమ్మకు పార్కులో సగం. కిటికీ పక్కన కూర్చుని, ఎదురుగా వచ్చే రైల్వే స్టేషన్లనూ విమానాశ్రయాన్నీ హవా మహల్‌నూ చూస్తూ, టీవీ సీరియళ్లలో తాను చూసిన ఇళ్లను ఒక్కొక్కటిగా గుర్తుపట్టి మాకే చెప్పసాగింది. ముందు గోడ మాత్రమే ఉండి వెనుక ఏమీ లేని భవనాలను చూసి పిల్లలు మోసపోయామన్నట్టు ముఖాలు పెడితే, ఆమె మాత్రం ఆ గోడ వెనక్కి వెళ్లి, నిలబెట్టిన ఇనుప ఊతాలను శ్రద్ధగా పరిశీలించింది.

భాగవతం సెట్‌లో ఒక రాతి స్తంభాన్ని వేలి ముడితో కొట్టి చూసింది. డొల్ల చప్పుడు వచ్చింది. అది రాయి కాదు, పూతపూసిన అచ్చు అని తెలిసిన మరుక్షణమే, పక్కనున్న కృష్ణుడి బొమ్మ ముందు చెప్పులు విడిచి నిలబడింది. సెట్టే కదా నానమ్మా అని మా అమ్మాయి అంటే, "బొమ్మనైతేంది, దేవుడు దేవుడే గద బిడ్డా" అని దండం పెట్టుకుంది. ఇంత నమ్మకంగా చూసే ప్రేక్షకురాలు దొరికితే ఏ కళా దర్శకుడైనా సంతోషిస్తాడు.

సినిమా తీసే విధానం చూపించే ప్రదర్శన మా అందరికీ నచ్చింది. ప్రేక్షకుల్లోంచి ఒకామెను పిలిచి, గుర్రమే లేని బండి మీద కూర్చోబెట్టి, బండిని కదిలిస్తూ చిత్రీకరించి, తరువాత తెర మీద అదే బండి దుమ్ము రేపుకుంటూ పరుగెత్తుతున్నట్టు చూపించారు. ఇలాంటి పార్కులో రైడ్లు రెండవ స్థానంలో ఉంటాయి. పిల్లల విభాగంలో అవి ఉన్నాయి, మా అమ్మాయి వదలకుండా తిరిగింది కూడా. కానీ తొమ్మిదో తరగతి చదివే మావాడు మధ్యాహ్నానికే వండర్‌లా ఎప్పుడని అడగడం మొదలుపెట్టాడు. నడక కూడా తక్కువ కాదు. బస్సు దింపిన చోటి నుంచి సెట్ల మధ్య మెట్లూ వాలులూ ఉంటాయి కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు అన్నీ చూడాలన్న పట్టుదల వదులుకోవాలి. మేము అలాగే కొన్ని తోటలు వదిలేసి, అమ్మతో పాటు నీడలో కూర్చున్నాం.

మధ్యలో విశ్రాంతి తీసుకుని, సంఘీ టెంపుల్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం చేయించి, ఆ తరువాత వండర్‌లాకు వెళ్లాం.

ఇది పూర్తిగా వేరే స్వభావం. 2016లో తెరిచిన ఈ పార్కు వైశాల్యం దాదాపు 50 ఎకరాలు మాత్రమే కావడంతో ఇక్కడ లోపలికి బస్సు అవసరం లేదు. గేటు దాటగానే అరుపులు వినిపిస్తాయి. దీని వెనుకనున్న కొచ్చౌసేఫ్ చిట్టిలప్పిళ్లి కేరళలో వీ-గార్డ్ పేరుతో వోల్టేజీ స్టెబిలైజర్ల వ్యాపారం మొదలుపెట్టిన వ్యక్తి, 2000లో కొచ్చిలో తొలి పార్కు పెట్టారు. ఫిల్మ్ సిటీ కట్టిన రామోజీరావు పత్రిక నుంచి సినిమాకు వచ్చినవారు. ఒకరి పార్కులో యంత్రమూ ఒకరి పార్కులో కథా ముందు నిలవడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

రికాయిల్ అనే రోలర్ కోస్టర్ దగ్గర ఈ యంత్రపు మనసు బాగా తెలుస్తుంది. బండిని మొదట వెనక్కి, పైకి లాగి వదిలేస్తారు. అక్కడి నుంచి దానికి ఇంజను ఉండదు. తన బరువుతోనే కిందికి దూకి, తలకిందులుగా చుట్లు తిరిగి, అవతలి కొస ఎక్కుతుంది. రాపిడి వల్ల పోయిన వేగాన్ని భర్తీ చేయడానికి అక్కడ గొలుసు మళ్లీ అందుకుని పైకి లాగుతుంది. వదలగానే వచ్చిన దారినే వెనక్కి ప్రయాణం. ముందుకు వెళ్లేటప్పుడు మలుపు కనిపిస్తుంది కనుక శరీరం సిద్ధపడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ అవకాశం లేదు, కడుపులో పేగులు ఒక లిప్త ఆలస్యంగా చేరినట్టుంటుంది. మావాడు దిగగానే మళ్లీ వరుసలో నిలబడ్డాడు. ఎత్తు కొలిచే గీతకు రెండు వేళ్లు తక్కువైన మా అమ్మాయి మునివేళ్ల మీద లేవబోయి, సిబ్బంది నవ్వుతూ భుజం తట్టడంతో ముఖం ముడుచుకుని వెనక్కి వచ్చింది.

మెడ, వెన్ను, గుండె జబ్బులున్నవారు ఎక్కరాదన్న బోర్డు పెద్ద రైడ్లన్నింటి ముందూ ఉంటుంది, ఉండాలి కూడా. దాన్ని చదివి వినిపించినప్పుడు, మొదటి మాట దగ్గరే నా పని అయిపోయిందని అమ్మ నవ్వింది. అందుకని ఎక్కువసేపు అలల కొలను ఒడ్డున కూర్చున్నాం. నీటి ఆటలకు నూలు బట్టలు పనికిరావు, నైలాన్ వంటివే వేసుకోవాలి. నూలు పోగులు వడపోత యంత్రాలకు అడ్డుపడతాయి. వెళ్లేవారు ఇంటి నుంచే అటువంటి బట్టలు తెచ్చుకుంటే కొనుక్కునే ఖర్చు తప్పుతుంది. గంట మోగి అలలు లేవడం, జనమంతా ఒక్కసారిగా కేకలేయడం, మళ్లీ నీరు సర్దుకోవడం అమ్మ చాలాసేపు చూసింది. బిందె నీళ్ల కోసం ట్యాంకరు వెంట పరుగెత్తిన కాలం ఆమెకు బాగా గుర్తు. "గిన్ని నీళ్లు ఆటకేనా కొడుకా?" అని అడిగింది. శుభ్రం చేసి అవే నీళ్లను మళ్లీ మళ్లీ వాడతారని చెప్పాను. కాసేపాగి, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తిపట్టుకుని, నా చేయి ఊతంగా తీసుకుని కొలను అంచుదాకా వచ్చి నిలబడింది.

ఖర్చు విషయంలో రెండింటికీ పెద్ద తేడా చూపలేను, కుటుంబమంతా కదిలితే రెండూ జేబుకు బరువే. ఎక్కకుండా కూర్చునే మనిషికి కూడా టికెట్ తీయాలి కనుక, మావాడి వయసు పిల్లలు మాత్రమే ఉన్న ఇంటికి నేను వండర్‌లానే చెబుతాను. తాతలూ నానమ్మలూ, పదేళ్ల లోపు పిల్లలూ కలిసి వెళ్తుంటే ఫిల్మ్ సిటీ. రెండూ ఒకే సెలవుల్లో చూడదలచినవారు మాత్రం ఫిల్మ్ సిటీని ముందు పెట్టుకోవాలి. రికాయిల్ దిగివచ్చిన పిల్లలకు డొల్ల స్తంభాలు చూపించి నిలబెట్టడం ఎవరి వల్లా కాదు.