సరుగుడు వాసాన్ని చూడ్డానికి 700 మైళ్లు

"ఆ పిల్లాడికి ఇంట్లో తిండి పెట్టరా ఏంటి?" అంది పిన్ని, ఒళ్లో చిక్కుడుకాయలు తుంచుకుంటూ టీవీ వైపు చూసి.

2022 జూన్ 23. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ ఊళ్లో మా ఇంటి హాలు. బ్రూక్లిన్‌లో జరుగుతున్న ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, డ్రాఫ్ట్ లైవ్ వస్తోంది. మన ఐపీఎల్ వేలం లాంటిదే గానీ ఇక్కడ డబ్బులు పాడుకోవడం ఉండదు. వరస ప్రకారం ఒక్కో జట్టు ఒక్కో కుర్రాణ్ణి ఎంచుకుంటుంది. మొదటి వరస ఓర్లాండోది, వాళ్లు పావ్లో బాంకేరోని తీసుకున్నారు. రెండోది ఓక్లహామా సిటీ థండర్. చెట్ హోమ్‌గ్రెన్ అని పిలవగానే లేచినవాడు 7 అడుగుల మనిషి. రాసుకున్న బరువు మాత్రం 195 పౌండ్లు, అంటే 88 కిలోలు. సూటు తొడుక్కున్నట్టు లేదు, హ్యాంగరుకి తగిలించినట్టుంది.

బాబాయి కళ్లజోడు సర్దుకుని ఒకసారి చూసి తేల్చేశాడు. "సరుగుడు వాసంరా ఇది. పందిరికి పనికొస్తుంది. ఆటకి రాదు."

బాబాయి తణుకు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టారుగా చేశాడు. కబడ్డీ ఆయన ప్రాణం, వాలీబాల్ ఆయన జీతం. ఆయన మాటని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. కానీ నాకు ఇంకో లెక్క ఉంది. తొమ్మిదో తరగతిలో మండల స్థాయి కబడ్డీ జట్టులోంచి నన్ను తీసేసింది ఈయనే. "ఒక్క పట్టు పడితే రెండు ముక్కలవుతావురా, వెళ్లి వాలీబాల్ నెట్టు దగ్గర నిలబడు" అన్నాడు అందరి ముందూ. సొంత అన్న కొడుకునని కూడా చూడలేదు. కాబట్టి సన్నగా ఉన్నవాణ్ణి ఎవరేమన్నా నాకు తగులుతుంది.

"చూద్దామా మరి?" అన్నాను. జూలై 5న సాల్ట్ లేక్ సిటీలో సమ్మర్ లీగ్ మొదలు, కొత్త కుర్రాళ్లని ఆడించి చూసే వేసవి ఆటలు. థండర్ కుర్రాళ్లు వస్తున్నారు. మధ్యలో జూలై 4 సెలవు. మామూలు సీజన్ టికెట్లతో పోలిస్తే దీని టికెట్టు సినిమా టికెట్టు లెక్క. "ఉప్పు సరస్సు అక్కడేగా?" అని పిన్ని అడగడంతో ప్రయాణం ఖాయమైపోయింది. ఆట కోసం అయితే ఆవిడ కదిలేది కాదు.

ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాం. వెనక సీట్లో పులిహోర డబ్బా, పెరుగన్నం, మాగాయ సీసా, పిన్ని. కాలిఫోర్నియాలో పెట్రోలు గ్యాలన్ ఆరు డాలర్లు దాటిన రోజులవి. నెవాడాలోకి దిగాక నింపుకుందామని రీనో దాకా లాక్కొచ్చాను. అక్కణ్ణుంచి ఐ-80 రోడ్డు ఎంతసేపు పోయినా ఒకటే: బూడిదరంగు పొదలు, దూరంగా గొడ్డుకొండలు, మధ్యలో ఊరన్న పేరుకి ఒక పెట్రోలు బంకు. వాదించుకోవడానికి ఇంతకన్నా మంచి రోడ్డు లేదు.

"గొంజాగా యూనివర్సిటీకి ఆడినప్పుడు ఆటకి 14.1 పాయింట్లు, 9.9 రీబౌండ్లు, అంటే గురితప్పిన బంతులు అందుకోవడం, 3.7 బ్లాకులు, అంటే అవతలివాడి షాట్ గాల్లోనే ఆపడం బాబాయ్. మూడు పాయింట్ల గీత అవతల్నుంచి నూటికి 39 పడతాయి. చేతులు చాపితే 7 అడుగుల 6 అంగుళాలు."

"కాలేజీ పిల్లల మీద కదరా. ఇక్కడ మగాళ్లుంటారు. మొన్న టీవీలో చూపించావే, ఫిలడెల్ఫియావాడు..."

"ఎంబీడ్."

"ఆఁ, వాడెంతుంటాడు?"

"280 పౌండ్లు."

"మరి!" అని కిటికీ వైపు తిరిగిపోయాడు, కేసు కొట్టేసిన జడ్జిలా.

నేనొకటి దాచిపెట్టాను. ఆ మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఛేజ్ సెంటర్‌లో గొంజాగా, ఆర్కన్సా ఆటకి వెళ్లాను. చెట్ 14 రీబౌండ్లు తీశాడు. కానీ 11 పాయింట్లకే ఐదు ఫౌళ్లూ పూర్తయి బెంచీ మీద కూర్చున్నాడు. గొంజాగా 74-68తో ఓడి ఇంటికి పోయింది. అంతకుముందు అతని కాలేజీ ఆటలు టీవీలో చాలా చూశాను గానీ ఆ రాత్రి అతని భుజాలు దగ్గర్నుంచి చూసినప్పుడు నాకూ గుండె జారింది. ఆ సంగతి బాబాయికి చెప్తానా?

విన్నెమక్కా దాటాక నా అస్త్రం తీశాను. కెవిన్ డ్యురాంట్, ఎన్‌బీఏ పెద్ద స్టార్లలో ఒకడు. 2007లో డ్రాఫ్ట్‌కి ముందు బలపరీక్షలో 185 పౌండ్ల బార్ ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. ఒక్కసారి! ఆ ఏడు మొదట తీసుకున్నది భారీ మనిషి గ్రెగ్ ఓడెన్‌ని. డ్యురాంట్‌ది రెండో వరస. ఓడెన్ మోకాళ్లు పోయి మొత్తం జీవితంలో ఎన్‌బీఏలో ఆడింది 105 ఆటలు. డ్యురాంట్ సంగతి లోకానికి తెలుసు. అతన్ని తీసుకున్న సియాటిల్ జట్టే తర్వాతి ఏడాది ఓక్లహామాకి తరలివెళ్లి థండర్ అయింది. అంటే ఈ జట్టుకి సన్నవాళ్లు కొత్త కాదు.

"ఇంకోటి. మన సత్నాం సింగ్. 7 అడుగుల 2 అంగుళాలు, 290 పౌండ్లు. 2015లో డల్లాస్ 52వ వరసలో తీసుకుంది. డ్రాఫ్ట్ అయిన మొదటి భారతీయుడు. ఎన్‌బీఏలో ఒక్క ఆట కూడా ఆడలేదు. బరువే ముఖ్యమైతే ఆడాలిగా?"

బాబాయి కాసేపు మాట్లాడలేదు. గెలిచాననుకుని ఏసీ పెంచాను. ఒక పదిమైళ్లు పోయాక మెల్లిగా అడిగాడు.

"ఆ డ్యురాంటు ఎక్కడ నిలబడి ఆడతాడు?"

"బయట... అంటే ఎక్కడైనా."

"అదీ! వాడు దారినపోయేవాడు. ఎవడైనా మీదికొస్తే తప్పుకుంటాడు. నీవాడు బుట్ట కింద కాపలా. కాపలావాడు తప్పుకుంటే ఇల్లు పోతుంది. రెంటికీ పోలికెక్కడరా?"

నాలుగేళ్లుగా ఈ కుర్రాడి గురించి నేను చదివిన రాతలన్నింటిలో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆయన సత్నాం సింగ్ పేరు కూడా ఆ రోజే విన్నాడు.

ఆ రాత్రి ఎల్కోలో ఒక మోటల్లో పడుకున్నాం. మోటల్ గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. గోడలు దుప్పటికన్నా పల్చగా ఉన్నాయి.

మర్నాడు వెండోవర్ దాటగానే భూమి తెల్లబడింది. బాన్‌విల్ ఉప్పు మైదానాలు. కళ్లజోడు లేకుండా చూడలేం. కారు ఆపి దిగాం. అడుగు వేస్తే పైన అప్పడంలా పెళుసుగా చిట్లుతుంది, కింద కొంచెం తడి. పిన్ని వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుని, "మన పేరుపాలెం ఉప్పంత ఘాటు లేదు" అని తీర్పిచ్చింది. బాబాయి చెప్పులు విప్పేసి ఆ తెలుపు మీద కాసేపు అటూ ఇటూ నడిచాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఇలా రా. నిలబడు. నేను తోస్తా, ఆపు."

డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. నవ్వుకుంటూ నిలబడ్డాను. భుజం ఆనించి ఒక్క నెట్టు నెట్టాడు, ఉప్పు మీద అడుగున్నర వెనక్కి జారాను. నాకు సిగ్గేసింది. ఆయన నా మొహం చూడట్లేదు, నేల చూస్తున్నాడు. నా బూటు మడమ ఉప్పుపొరని గీసుకుంటూ పోయిన గాడి అక్కడ స్పష్టంగా ఉంది. పక్కనే ఆయన ఉత్తకాళ్ల గుర్తులు, పది వేళ్లూ లోపలికి దిగి.

"మడమ మీద నిలబడ్డావు, పోయావు. బరువు వేళ్ల మీదికి రావాలి, నడుం కిందికి దిగాలి. పొడుగోడికి నడుం దించడమే కష్టం. కండ కాదురా చూడాల్సింది. రేపు ఆట చూసేటప్పుడు బంతి చూడకు. కాళ్లు చూడు."

తొమ్మిదో తరగతిలో ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది. అప్పుడు చెప్పింది "పో" అని మాత్రమే. అదే అన్నాను. "అప్పుడు ముప్పై మంది పిల్లలు, ఒక్క పీరియడ్" అన్నాడు చెప్పులేసుకుంటూ.

సరస్సు దగ్గర నిరాశే. ఆ వారమే గ్రేట్ సాల్ట్ లేక్ నీటిమట్టం అప్పటిదాకా ఎన్నడూ లేనంత కిందికి పడిపోయింది. ఒడ్డనుకున్న చోటినుంచి నీళ్ల దాకా నడుస్తుంటే పిన్నికి ఓపిక అయిపోయింది. కుళ్లిన గుడ్ల వాసన ఒకటి. రాత్రి ఊరంతా బాణసంచా. దీపావళికి ఇంత లేదే అని మళ్లీ ఉత్సాహపడింది.

జూలై 5 సాయంత్రం. స్టేడియంలో థండర్‌కి ఎదురుగా ఊరి జట్టు జాజ్. బాబాయి కళ్లు నిజంగానే నేల మీదున్నాయి. నావి ఉండలేకపోయాయి, అబద్ధమెందుకు. ఎవడైనా బుట్ట దగ్గరికి పోవడం, ఆ పొడుగు చెయ్యి ఎక్కణ్ణుంచో రావడం, బంతి గాల్లోనే ఆగడం. మొత్తం ఆరు బ్లాకులు, 23 పాయింట్లు. జాజ్ తరఫున టాకో ఫాల్ ఉన్నాడు, 7 అడుగుల 6 అంగుళాలవాడు. అతని మీదుగా ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ చెట్ వేసిన షాట్‌కి నేను లేచి అరిచాను. ముందు వరసలో పిల్లాడి పాప్‌కార్న్ ఒలికింది, నావల్లే. వాళ్ల నాన్నకి క్షమాపణ చెప్పి కొత్తది కొనిచ్చాను, పది డాలర్లు.

"ఇప్పుడేమంటావ్?"

"ఎవడూ తొయ్యలేదుగా" అన్నాడు బాబాయి. "అందరూ వాడి పైనుంచి వెయ్యాలని చూస్తున్నారు. పైన వాడి రాజ్యం. కింద అడిగేవాడు రానీ."

అడిగేవాడు మర్నాడే వచ్చాడు. మెంఫిస్ జట్టులో కెన్నెత్ లాఫ్టన్ జూనియర్. 6 అడుగుల 7 అంగుళాలు, 275 పౌండ్లు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో పిలిచిన 58 పేర్లలో అతని పేరు లేదు. లూసియానా టెక్ నుంచి వచ్చిన గుండ్రటి కుర్రాడు. ఎన్‌బీఏ ఆటగాడి కన్నా మా తణుకు రైసుమిల్లులో కాటా దగ్గర ఉండేవాడిలా కనిపిస్తాడు. బంతి అందుకుని చెట్‌కి వీపు ఆనించాడు. ఒక నెట్టు. ఇంకో నెట్టు. చెట్ బుట్ట కిందికి వెళ్లిపోయాడు, లాఫ్టన్ తీరిగ్గా బంతి వేశాడు. మళ్లీ అదే. మళ్లీ. స్టేడియంలో నవ్వులు మొదలయ్యాయి. నాకు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది.

బాబాయి లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. "అబ్బ, ఏం నడుంరా వాడిది! చూడు, ఎక్కడ కూర్చుంటున్నాడో చూడు. ఇలాంటోణ్ణి ఎవరూ తీసుకోలేదా? కళ్లున్నాయా వీళ్లకి?"

అప్పుడు చెప్పాను, వీళ్లిద్దరూ అంతకుముందు ఏడాది ఒకే జట్టని. 2021లో లాట్వియాలో అండర్-19 ప్రపంచకప్. ఫైనల్లో ఫ్రాన్స్ మీద అమెరికా 83-81తో గెలిచింది. అవతల ఫ్రాన్స్‌లో విక్టర్ వెంబన్యామా అని చెట్‌కన్నా పొడుగు, చెట్ అంత సన్నం. టోర్నీలో ఉత్తమ ఆటగాడు చెట్టే.

"అయితే వీడి చేత ప్రాక్టీసులో రోజూ తోయించుకున్నవాడే కదా" అని కూర్చున్నాడు. ఇక అక్కణ్ణుంచి నోరు మెదపలేదు. ఆట అయ్యాక బయట మెట్ల మీద, నేనడక్కుండానే, "ఎన్ని నెట్టినా చేతులు దించలేదురా ఆ పిల్లాడు. మడమల మీదే ఉన్నాడు, అది నిజం. కానీ మొహం పక్కకి తిప్పుకోలేదు. నువ్వు తిప్పుకునేవాడివి" అన్నాడు.

"అందుకా తీసేశావు?"

"సన్నం వల్ల అనుకున్నావా ఇన్నాళ్లూ?"

తిరుగు ప్రయాణం ఒకటే బిగిన, పన్నెండు గంటలు. వాదన పెద్దగా జరగలేదు. పులిహోర అయిపోయింది, పిన్ని నిద్రపోయింది.

ఆగస్టు 20న సియాటిల్‌లో ఒక ప్రదర్శన ఆటలో ఎన్‌బీఏ దిగ్గజం లెబ్రాన్ జేమ్స్‌ని ఆపబోయి చెట్ కుడిపాదం దెబ్బతింది. పాదం మధ్యలో ఎముకల్ని కట్టి ఉంచే చోట. మొత్తం సీజన్ పోయింది. ఎముకల పోగు అని నవ్వినవాళ్లంతా మేం చెప్పలేదా అన్నారు. బాబాయి అనలేదు. "పాదం లావుగా ఉన్నోడికీ జారుతుంది" అన్నాడు, అంతే. నాకు మాత్రం ఎక్కడో భయం. తర్వాతి ఏడాది 82 ఆటలూ ఆడాడు, ఒక్కటీ మానకుండా. ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగులో రెండో స్థానం, మొదటివాడు ఆ వెంబన్యామానే. 2024 నవంబరులో కిందపడి తుంటి ఎముక చిట్లింది, మూడు నెలలు బయట. మళ్లీ నా భయం నాకు.

2025 జూన్ 22, ఎన్‌బీఏ ఫైనల్స్‌లో కప్పు తేల్చే ఏడో ఆట, ఇండియానా మీద. ఓక్లహామా 103-91తో గెలిచింది. చెట్‌కి 18 పాయింట్లు, ఐదు బ్లాకులు. ఫైనల్స్ ఏడో ఆటలో ఎవరికీ అన్ని లేవట. తణుకులో అప్పటికి సోమవారం ఉదయం ఎనిమిది దాటింది. ఫోన్ చేశాను.

"కాళ్లు చూశావా?" అన్నాడు.

"చూశాను బాబాయ్. వేళ్ల మీదున్నాడు."

"ఊఁ." కాఫీ చప్పరించిన చప్పుడు. "మరి ఆ రెండోవాడేం చేస్తున్నాడ్రా? ఆ నడుం కుర్రాడు."

"లాఫ్టనా? చైనాలో ఆడుతున్నాడు, షాంఘై జట్టుకి."

కాసేపు ఏం వినపడలేదు.

"అక్కడైనా తొయ్యనిస్తున్నారా వాణ్ణి?"