తాత ఓటు, చిన్నతాత ఓటు

"తాతా, నువ్వు కన్జర్వేటివ్‌వా?"

పోయిన జూన్‌లో, వాన పడి కరెంటు పోయిన ఒక సాయంత్రం, హన్మకొండలో మా ఇంటి వరండాలో మా పెద్దోడు అడిగిన ప్రశ్న ఇది. బాపు తింటున్న సర్వపిండి ముక్క పళ్లెంలో పెట్టి నా వైపు చూశాడు. ఆ మాటను తెలుగులో ఎలా చెప్పాలో నాకూ తోచలేదు. సంప్రదాయవాది అందామంటే పూజలు, మడి గుర్తొస్తాయి. వాడు అడుగుతున్నది ఓటు సంగతి.

మేముండేది డాలస్ దగ్గర. పెద్దోడు పుట్టింది అక్కడే, ఇప్పుడు పద్నాలుగేళ్లు. సెలవుల్లో చేయమని బడిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు: ఊళ్లో చిన్న పదవితో మొదలై దేశ స్థాయికి ఎదిగిన కన్జర్వేటివ్ నాయకుడి గురించి రాయాలి. సిటీ కౌన్సిల్ నుంచి అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడ ఎందరో ఉన్నారు. వీడు మాత్రం "అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అట్లాంటివాళ్లు ఎవరూ లేరా?" అన్నాడు.

నాకు సంతోషం కంటే టెన్షన్ ఎక్కువైంది. ఇన్నేళ్లూ మేం పిల్లలకు బతుకమ్మ నేర్పాం, ఆదివారం తెలుగు క్లాసుకు పంపాం, పచ్చిపులుసు అలవాటు చేశాం. రాజకీయాలను మాత్రం గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఎన్నికలప్పుడు చుట్టాల వాట్సాప్ గ్రూపులో జరిగే గొడవలు పిల్లల కంట పడకూడదని ఫోన్ బోర్లా పెట్టేదాన్ని. ఎన్నికల తర్వాత మాటలు బంద్ చేసుకున్న స్నేహితులను డాలస్‌లోనూ చూశాను. అది మా ఇంటికి రావద్దనుకున్నాను.

వాడు ముందే కొంత వెతికిపెట్టుకున్నాడు. బండి సంజయ్ కుమార్ పేరు రాసుకున్నాడు. కరీంనగర్‌లో కార్పొరేటర్‌గా మొదలయ్యారు. అసెంబ్లీకి 2014లో, 2018లో, 2023లో పోటీ చేసి మూడుసార్లూ ఓడారు. కానీ 2019లో అదే కరీంనగర్ నుంచి లోక్‌సభకు గెలిచారు, 2020లో రాష్ట్ర బీజేపీ అధ్యక్షులయ్యారు, 2024లో మళ్లీ గెలిచి కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి అయ్యారు. "ఎమ్మెల్యేగా ఓడిపోయిన కొన్ని నెలలకే ఎంపీగా ఎలా గెలిచారు?" అన్నది వాడి పెద్ద సందేహం. ఒకే మనిషి అసెంబ్లీకి ఒక పార్టీకి, పార్లమెంటుకు ఇంకో పార్టీకి ఓటేయడం మన దగ్గర మామూలే అని చెబితే చాలాసేపు ఆలోచించాడు.

అప్పుడు బాపు నోరు విప్పాడు. "గా కన్జర్వేటివ్ గిన్జర్వేటివ్ నాకు తెల్వది బిడ్డా. ఎనభై నాలుగుల పీవీని ఓడగొట్టినోళ్లల్ల నేనొకణ్ణి."

పక్కన కూర్చున్న చిన్నబాపు వెంటనే అందుకున్నాడు. "నేను పీవీకే ఏసిన. అదే నా మొదటి ఓటు."

ఈ సంగతి నాకే తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తిన్న అన్నదమ్ములు చెరొక వైపు ఓటేశారని నలభై ఏళ్ల తర్వాత, అమెరికాలో పుట్టిన నా కొడుకు అడిగితే తెలిసింది.

ఆ ఎన్నిక గురించి బాపు చెప్పిన తీరు వేరు. ఇందిరాగాంధీ హత్య తర్వాత 1984 డిసెంబరులో దేశమంతా సానుభూతి గాలి వీచి, కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా సీట్లు వచ్చాయి. వాజ్‌పేయి అంతటివారు గ్వాలియర్‌లో ఓడిపోయారు. బీజేపీ గెలిచింది రెండంటే రెండే: ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది మా హన్మకొండ. ఇక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడింది అప్పటి కేంద్ర హోంమంత్రి పి.వి. నరసింహారావు. జంగారెడ్డి ఒక్కసారిగా పైకొచ్చిన మనిషి కాదు. 1967లో బీజేపీకి ముందున్న పార్టీ జనసంఘ్ దీపం గుర్తు మీద పరకాల ఎమ్మెల్యే, 1978లో జనతా తరఫున, 1983లో బీజేపీ తరఫున శాయంపేట ఎమ్మెల్యే. దానికితోడు 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను ముఖ్యమంత్రి పదవి నుంచి దింపేశారన్న కోపం జనంలో ఇంకా చల్లారలేదు. తెలుగుదేశం మద్దతూ ఆయనకే ఉంది. "మా కోపం మేం చూపెట్టినం" అన్నాడు బాపు.

"ఓడగొట్టి ఏం సాధించిన్రు? ఆయన గప్పుడే మహారాష్ట్రల రాంటెక్‌ల గూడ నిలవడి గెల్వనే గెలిచె, ఏడేండ్లకు ప్రధానమంత్రి ఆయె" అన్నాడు చిన్నబాపు. గొంతులో ఇప్పటికీ ఆ బాధ ఉంది. 1957లో మంథని ఎమ్మెల్యేగా మొదలైన మనిషి 1991లో దేశాన్ని నడిపాడని, అలాంటివాణ్ణి సొంత గడ్డే కాదన్నదని.

మావాడి చిక్కు అసలు ఇక్కడ మొదలైంది. వాడి కాగితం మీద రెండు గడులు గీసి ఉన్నాయి. పన్నులు తగ్గాలి, వ్యాపారాల మీద ప్రభుత్వ పెత్తనం ఉండకూడదు అనేవాళ్లు కన్జర్వేటివ్ గడిలో ఉండాలి. కానీ పరిశ్రమ పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలనే లైసెన్సుల రాజ్యాన్ని 1991లో చాలావరకు ఎత్తేసింది కాంగ్రెస్ ప్రధాని పీవీ. 1980లో పుట్టినప్పుడు బీజేపీ చెప్పుకున్న సిద్ధాంతం గాంధేయ సోషలిజం. బీజేపీ చెబుతూ వచ్చిన ఉమ్మడి పౌరస్మృతి, 370వ అధికరణం రద్దు, గోవధ నిషేధం లాంటివి వాడి గడుల్లో ఎక్కడా లేవు. వాటిలో కొన్నింటిని నేను ఒప్పుకోను. ఆ మాట బాపు ముందే వాడికి చెప్పాను. బాపుకు కోపం రాలేదు. "నీ ఓటు నీది" అన్నాడు.

ఆ మాట నన్ను గట్టిగానే తాకింది, ఎందుకంటే నేను ఓటేసి చాలా ఏళ్లయింది. అక్కడ మేమింకా గ్రీన్ కార్డు వరుసలోనే ఉన్నాం, ఓటు లేదు. ఇక్కడ ప్రవాస ఓటరుగా పేరు రాయించుకోవచ్చు, కానీ స్వయంగా పోలింగ్ బూత్‌కు వచ్చి వేయాలి. 2024 మే 13న తెలంగాణలో పోలింగ్ జరుగుతుంటే నేను డాలస్‌లో ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఇంకో నాలుగేళ్లలో పెద్దోడికి పద్దెనిమిది నిండుతాయి. అప్పటికీ మా కార్డులు రాకపోతే మా ఇంట్లో ఓటు ఉండేది వాడొక్కడికే. అలాంటి పిల్లాడి దగ్గర ఓటు మాటే ఎత్తకుండా పెంచుతున్నానా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఓట్ల పంచాయితీ పెట్టుకుంటే చుట్టరికం తెగుతుందని భయపడ్డాను. అన్నకు తెలిసే తమ్ముడు, తమ్ముడికి తెలిసే అన్న వేర్వేరు గుర్తులకు ఓటేసి, ఇప్పటికీ పొద్దున్నే ఒకే పేపర్ పంచుకుని చదువుతున్నారు. అది నేను పిల్లలకు చూపించనే లేదు.

మర్నాడు చిన్నబాపు వాణ్ణి పీవీ పెరిగిన వంగర చూపిస్తానన్నాడు. బాపు కూడా చెప్పులేసుకుని వచ్చి కారులో ముందు సీట్లో కూర్చున్నాడు. ఎల్కతుర్తి దాటేసరికి ఇద్దరూ మళ్లీ ఎనభై నాలుగు దగ్గరికే వెళ్లారు. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటే వాడు ఫోన్‌లో రికార్డు పెట్టి, మధ్యలో దూరి అడిగాడు:

"తాతా, ఆగు. నువ్వు పీవీకి ఎందుకు వెయ్యలే?"

ఆదివారం క్లాసులో వాడికి నేర్పింది "వేయలేదు" అని. "వెయ్యలే" ఎప్పుడు పట్టుకున్నాడో నాకు తెలియదు. బాపు వెనక్కి తిరిగి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.