శ్లాబు వేసిన రోజు

నిన్న మా మందిరానికి శ్లాబు వేశాం. కానుకలు కూడబెట్టి, గోడలు లేపి, డబ్బు చాలక ఆగి, మళ్ళీ మొదలుపెట్టిన పని.

మధ్యలో ఆపితే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ అతుకు సరిగా పడదని, తర్వాత అక్కడే నీళ్ళు కారతాయని మేస్త్రీ ముందే హెచ్చరించాడు. అందుకే తెల్లవారుజాము నుంచి వరుసగా నిలబడి తట్టలు అందించుకున్నాం. నా పక్కన నిలబడ్డాయనా నేనూ పాటల దగ్గర మాటపట్టింపు వచ్చి ఏడాదిగా పలకరించుకోలేదు. తట్ట అందుకోవాలంటే ముఖం చూడక తప్పదు కదా! ఎప్పటికో "జాగ్రత్త, బరువుగా ఉంది" అన్నారాయన. అంతే మాట్లాడుకున్నాం.

బైబిల్లో నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయాన్ని ఉత్త పేర్ల జాబితా అనుకుని ఎప్పుడూ దాటేసేవాణ్ణి. రాత్రి అరచేతులు మండుతుంటే అదే చదివాను. బంగారు పనివారు, షల్లూము, అతని కుమార్తెలు, అందరూ యెరూషలేము గోడ కట్టారు. 52 రోజుల్లో ముగించారు. తెకోవ ఊరి పెద్దలు మాత్రం పనికి మెడ వంచలేదట. మా సంఘంలోనూ అలాంటివారు లేకపోలేదు, పేర్లు రాయను.

ఇక శ్లాబు మీద కట్టలు కట్టి నీళ్ళు నిలపాలి. రేపు ఉదయం వంతు నాదీ ఆయనదీ.