ఆ లైను ఎందుకుందో చదవాలి

"ఈ లైను లేకపోయినా నడుస్తుంది కదా పిన్నీ?" అంటాడు మా అక్క కొడుకు. వేసవి సెలవులకు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చి, పాత డెస్క్‌టాప్ మీద సోర్స్ కోడ్ (మనుషులు రాసిన ప్రోగ్రాము మూలం) నుంచి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కట్టుకుంటున్నాడు. దారి చూపేది 'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' పుస్తకం. 1999లో గెరార్డ్ బీక్‌మన్స్ మొదలుపెట్టిన ఈ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. పుస్తకం పక్కనే ఉన్నా, వాడి కళ్లు మాత్రం వివరణను దాటేసి కమాండ్ల మీదికి ఉరుకుతాయి.

వాడు అనవసరం అనుకున్నది 'సెట్ ప్లస్ హెచ్' అనే కమాండు. నిజమే, అది టైపు చేస్తే తెర మీద ఏమీ కనిపించదు. కానీ మనం టైపు చేసే కమాండ్లను అందుకుని నడిపే షెల్ అయిన బ్యాష్‌కు ఒక అలవాటుంది. ఒకసారి వాడిన ప్రోగ్రాము ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, మళ్లీ వెతక్కుండా అక్కడికే పోతుంది. మామూలు రోజుల్లో అది మేలే. ఇక్కడ మాత్రం మనం కొత్త కంపైలర్ (సోర్స్ కోడ్‌ను మెషీన్ నడపగల ప్రోగ్రాముగా మార్చేది) కట్టాక కూడా షెల్ పాత కంపైలర్‌నే పిలిచే ప్రమాదముంది. ఆ జ్ఞాపకాన్ని ఆపేసేది ఈ చిన్న లైనే. చదివి వాడే అన్నాడు, "అయితే ఇది తీసేస్తే తప్పు ఎక్కడ జరిగిందో కూడా తెలియదన్నమాట." అదే నేను చెప్పాలనుకున్నది. ఇటువంటి పనిలో ఈ రోజు వదిలేసిన మాట చాలా అధ్యాయాల తర్వాత, ఎక్కడో సంబంధం లేనట్టు కనిపించే ప్యాకేజీలో ఎర్రర్‌గా బయటపడుతుంది.

దాదాపు ప్రతి ప్రోగ్రాముకూ ఆధారమైన జీలిబ్‌సీ అనే లైబ్రరీ కట్టడం అయిపోగానే ఒక ఖాళీ సీ ప్రోగ్రామును కంపైల్ చేసి, ప్రోగ్రాము ఫైలు లోపలి వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్‌తో చూడమంటుంది పుస్తకం. లిబ్64 అనే ఫోల్డరులోని డైనమిక్ లింకర్ (ప్రోగ్రాము నడిచేటప్పుడు దానికి లైబ్రరీలను జతచేసేది) దారి ఉన్నది ఉన్నట్టు రావాలి. వేరేది వచ్చినా, అసలేమీ రాకపోయినా అక్కడే ఆగి వెనక్కి వెతకాలి. వాడు అక్షరం అక్షరం పోల్చి చూస్తుంటే నాకెంత సంతోషమనిపించిందో! జీసీసీ అనే ఆ కంపైలర్ పరీక్షలు గంటల తరబడి సాగినా వదలవద్దని ముందే చెప్పాను.

గుంటూరు ఎండల్లో కరెంటు పోవడం మామూలే. మెషీన్ ఆగిపోతే కొత్త వ్యవస్థ కడుతున్న పార్టిషన్‌ను (డిస్కులో విడదీసిన భాగాన్ని) మళ్లీ మౌంట్ చేసి, అంటే అందుబాటులోకి తెచ్చుకుని, ఎల్‌ఎఫ్‌ఎస్ అనే వేరియబుల్‌లో దాని సరైన దారి ఉందో లేదో ఎకో కమాండుతో చూసుకోవాలి. అది ఖాళీగా ఉంటే, రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా ఇచ్చిన కమాండ్లు పోయి ఇప్పుడు నడుస్తున్న అసలు వ్యవస్థలోనే పడతాయి. ఆ తర్వాతే కెర్నెల్ సమాచారం అందించే ప్రాక్, సిస్ వంటివి మౌంట్ చేసి, కొత్త వ్యవస్థ లోపలి నుంచే పనిచేసే క్రూట్‌లోకి వెళ్లాలి.

ఇక వ్యవస్థకు గుండెకాయలాంటి కెర్నెల్ మిగిలింది. ఈ పుస్తకం పద్ధతిలో ఇనిట్‌ఆర్‌ఏఎమ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో అవసరమైన డ్రైవర్లను అందించే తాత్కాలిక ఫైల్ సిస్టమ్) ఉండదు కాబట్టి, రూట్ పార్టిషన్ ఉన్న డిస్కు డ్రైవర్‌ను, ఫైల్ సిస్టమ్‌ను తర్వాత విడిగా లోడయ్యే మాడ్యూల్‌గా కాకుండా కెర్నెల్‌లోనే కలిపి కట్టాలి. తన డిస్కు ఏ కంట్రోలర్ మీద నడుస్తుందో మెషీన్‌లోని హార్డ్‌వేర్ జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐతో చూసి రాసిపెట్టుకోమన్నాను.